ఇంగ్లీషు చెప్పు పంతులుకు ఇంగ్లీషు నేర్పువా రెవరు?

మన తెలుగు రాష్ట్రములు రెండింటను గడచిన కొన్ని యేండ్లుగా నొక వివాదము సాగుచున్నది. ప్రాథమిక పాఠశాలలో బాలబాలికలకు చదువు తెలుగున జెప్పవలయునా, ఇంగ్లీషున జెప్పవలయునా యనునదియే యా వివాదము. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఒకటవ తరగతి నుండి ఆఱవ తరగతి వఱకు తన పాఠశాలల నన్నిటిని ఇంగ్లీషు మాధ్యమమునకు మార్ప నుత్తరువులు చేసెను. 2020 ఏప్రిలులో హైకోర్టు ఆ యుత్తరువులను కొట్టివైచెను. పిమ్మట ప్రభుత్వము తలిదండ్రుల యభిప్రాయమును సేకరించి, నూటికి 96 మందికి పైగా ఇంగ్లీషునే కోరిరని ప్రకటించి, సుప్రీముకోర్టు నాశ్రయించెను. తెలంగాణ ప్రభుత్వము 2022-23 విద్యాసంవత్సరము నుండి ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టెను. ఇంతలో 2020 నాటి జాతీయ విద్యావిధానము, సాధ్యమైనంత వఱకు ఐదవ తరగతి దాక చదువు ఇంటిభాషలోనే సాగవలయునని పలికెను.

తొలిచదువు తల్లిభాషలోనే సాగవలయునన్న పక్షము మాది. ఆ సంగతి దాచుకొన నక్కఱలేదు. కాని నేడు మేము విన్నవింప దలచినది ఆ వాదము గాదు. మాధ్యమము తెలుగైనను ఇంగ్లీషైనను, ఒకటవ తరగతి పిల్లవాని యెదుట ఇంగ్లీషు పుస్తకము తెఱచి నిలువబడుచున్న మనిషి యొక్కడే. ఆతడు ప్రాథమిక పాఠశాల యుపాధ్యాయుడు. న్యాయవాదులు మాటాడిరి, మంత్రులు మాటాడిరి, తలిదండ్రుల నడిగిరి. పత్రికలవారమైన మేమును మాటాడితిమి. “అయ్యా, నీకీ భాష వచ్చునా? రానిచో నేర్పుటకు మేమేమి చేయవలయును?” అని యాతని నడిగినవారు మాకు కనబడలేదు.

ఈ నడుమ పనిమీద కృష్ణా డెల్టాలోని యొక గ్రామమునకు పోయి, అచటి ప్రాథమిక పాఠశాలను జూడ దటస్థించినది. ఊరి పేరు చెప్పుట ధర్మము గాదు. తరగతులైదు, ఉపాధ్యాయు లిద్దఱు. ఒక గదిలో మూడు తరగతుల పిల్లలు మూడు వరుసలుగా గూర్చుండిరి. పంతులమ్మగారు నల్లబల్లపై నొక ఇంగ్లీషు వాక్యము వ్రాసి, “దిస్ అనగా ఇది, ఈజ్ అనగా ఉన్నది, ఎ అనగా ఒక, కౌ అనగా ఆవు” అని చెప్పించుచుండిరి. పిల్లలు గొంతెత్తి “ఇది ఉన్నది ఒక ఆవు” అని వల్లించిరి. కిటికీ వెలుపల నిజముగనే యొక యావు మేయుచుండెను. దానివంక నెవరును జూడలేదు.

బడి విడిచిన పిమ్మట నామెతో మాటాడితిమి. ఆమె మొగమాటము లేకయే చెప్పినది: “అయ్యా, ఈ చెప్పుటలో దోషమున్నదని నాకును దెలియును. ఏది సరియో చేసి చూపినవారు లేరు. నేను పదవ తరగతి దాక తెలుగున జదివితిని, ట్రైనింగు తెలుగున జేసితిని, ఇరువది యేండ్లు తెలుగున జెప్పితిని. ఒక యేడు బడులు తెఱచునప్పటికి క్రొత్త పుస్తకములు వచ్చినవి. ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. నేను తెలుగు పుట చెప్పి ఇంగ్లీషు పుట చదివింతును. పిల్లలు నన్నెప్పుడైన ఇంగ్లీషున నేదైన నడిగిన నేమందునా యని భయము. వా రడుగరు గనుక బ్రతికిపోవుచున్నాను.”

ఈ మాటలు విని యామెను నిందింపగలవాడెవడు? విత్తనము చేతికీయక నారు పోయుమనుట ఏ రైతునకైనను తగునా? ఆమె పిల్లలను ప్రేమించు మనిషి; తెలుగు పాఠము చెప్పునప్పు డామె కంఠమే వేఱు. ఇంగ్లీషు పుట తిరుగగనే యా కంఠము సన్నగిలుట మేము కన్నులార జూచితిమి.

పాఠకులలో ననేకులు ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లీషు చెప్పుటకు వేఱుగ నొక పంతులుండునని తలంతురు. అట్టివాడు లేడు. సెకండరీ గ్రేడు టీచరని పేరుగల యొక్కడే తెలుగు, లెక్కలు, పరిసరముల విజ్ఞానము, ఇంగ్లీషు అన్నియు జెప్పవలయును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము అఱువదిమంది పిల్లల వఱకు ఇద్దఱుపాధ్యాయులు చాలును. కావున ఇద్దఱే యుండి ఐదు తరగతులు నడపు బడులు పల్లెలలో నెన్నియో యున్నవి.

ఇక నీ యుపాధ్యాయు నెన్నుకొను విధము చూడుడు. రెండేండ్ల శిక్షణము ముగించి యర్హతాపరీక్షకు గూర్చుండును. టెట్టు అని ప్రసిద్ధమైన యా పరీక్షలో ప్రాథమికోపాధ్యాయుల పత్రమునకు మార్కులు 150. అందు ఇంగ్లీషునకు 30. ప్రశ్నలన్నియు నాలుగు సమాధానములలో నొకదానిని గుర్తించునవియే. అభ్యర్థి నోరు తెఱచి యొక్క ఇంగ్లీషు వాక్యమైనను పలుక నక్కఱలేదు, చేత నొక్క వాక్యమైనను వ్రాయ నక్కఱలేదు. వీణ చేతబట్టకయే వైణికుడని యోగ్యతాపత్రము పుచ్చుకొనుట వంటిది గదా యిది! పోనీ, శిక్షణాలయముననైన నీ కొఱత తీఱునా యందుమేని, 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లాకొకటిగా నేర్పడిన డైట్లలో ఇంగ్లీషు బోధనాపద్ధతులను గూర్చి పాఠములు చెప్పుదురు. పద్ధతి చెప్పుట వేఱు, భాష నిచ్చుట వేఱు. ఈత యెన్ని విధములో పుస్తకమున జదివినవాడు కాలువలో దిగిన నేమగునో మన పాఠకులకు జెప్పనేల?

ఉద్యోగములో నున్నవారికి తరగతులు పెట్టుటలేదా యని మీరడుగవచ్చును. పెట్టుచున్నారు. రాష్ట్రస్థాయిలో గొందఱికి శిక్షణ యిత్తురు. వారు జిల్లాలో గొందఱికి. ఆ జిల్లావారు మండలములలో దక్కినవారికి. నాలుగైదు దినములలో నంతయు ముగియును. ఇది మన కాలువల నీటిపంపకము వంటిది. తూము దగ్గఱి పొలమునకు నిండుగ బాఱును. నడుమ నున్నవానికి సగము. శివారు రైతు గట్టుమీద గూర్చుండి యాకాశమువంక జూచును. పల్లె బడి పంతులమ్మ యీ శిక్షణకు శివారు రైతు.

ఇది నేటి వింత గాదు. 1959లో మద్రాసు రాష్ట్రమున, అనగా మన యాంధ్రరాష్ట్రము వేఱుపడిన యాఱేండ్లకు, బ్రిటిషు కౌన్సిలు తోడ్పాటుతో నొక మహోద్యమమును సాగించిరి. ఇంగ్లీషు నారంభదశలో బోధించు 27,000 మంది యుపాధ్యాయులకు క్రొత్త పద్ధతిని నేర్పవలెనని సంకల్పము. కొందఱిని దర్ఫీదు చేసి, వారిచే మఱికొందఱికి జెప్పించి, మంచుముద్ద దొర్లినకొలది పెద్దదగునట్లు విద్య వ్యాపింపగలదని యాశించి, దానికి మంచుముద్ద యనియే పేరు వచ్చునట్లు చేసిరి. సంకల్పము గొప్పది, అంతమంది పల్లెటూరి పంతుళ్లను తలంచినందుకు వారిని మెచ్చుకొనవలసినదే. కాని చేతులు మాఱినకొలది చిక్కదనము తగ్గుట యీ పద్ధతికి బుట్టుకతో వచ్చిన జబ్బు. తొలి శిక్షకునకు ఇంగ్లీషు వచ్చును, పద్ధతియు వచ్చును. కడపటివానికి పద్ధతిలోని నాలుగు మాటలు మాత్రము చేరును, ఇంగ్లీషు చేరదు. అఱువది యేండ్లు దాటిన పిమ్మటను మనమా పద్ధతినే పట్టుకొని వ్రేలాడుచుంటిమి.

అదియు నట్లుండ, ఇంగ్లీషు బోధనకై దేశమున కంతకును పెద్దదైన సంస్థ మన హైదరాబాదుననే 1958లో స్థాపితమయ్యెను. నేడది కేంద్ర విశ్వవిద్యాలయము. ఎందఱో పండితులను తయారు చేసినది. 1985లో జిల్లా కేంద్రముల పథకము నారంభించి పాఠశాలల యుపాధ్యాయులకు శిక్షణ యిచ్చుటకు బూనుకొన్నది గాని యది ప్రధానముగా నున్నత పాఠశాలలవారికే యుపకరించినది. దీపము క్రిందనే చీకటి యన్న మాట యూరకే పుట్టలేదు.

ఒక పాతకథ యిచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. 1906 ప్రాంతమున ఉత్తరపు జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఎ. యేట్సు అను నింగ్లీషు దొర, పరభాషను మాటలతో, వస్తువులతో సూటిగా నేర్పవలయునను పద్ధతియం దాసక్తి గలవాడు. తానును తెలుగు నేర్వబూని, వీథిలో వినబడు తెలుగొకటియు పుస్తకములోని తెలుగొకటియు నేల యుండవలయునని యడిగెను. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారిని, పి. టి. శ్రీనివాసయ్యంగారిని, గురజాడ అప్పారావుగారిని గదలించినది. వ్యావహారిక భాషోద్యమమునకు నాంది యయ్యెను. భాష నేర్పుట యెట్లన్న యొక బడిపంతుళ్ల ప్రశ్న తెలుగు సాహిత్యమునే మార్చివైచినది. (ఈ సంగతి గ్రాంథికమున వ్రాయుచున్నందుకు పంతులుగారి యాత్మ మమ్ము క్షమించుగాక.) గిడుగువారు మఱొక పనియు జేసిరి. సవరల పిల్లలకు జదువు చెప్పదలచి, ముందుగా తాము సవరభాష నేర్చికొనిరి. ఆ భాషలో వాచకములు వ్రాసిరి. సొంతసొమ్ముతో బడులు పెట్టిరి. పిల్లవానికి రాని భాషను నేర్పదలచిన గురువునకు మొట్టమొదటి యర్హత, ఆ పిల్లవానికి వచ్చిన భాష తనకు వచ్చియుండుట. నేడు మన్యమునందలి కోయ, గోండు, సవర బాలునకు తెలుగే రెండవ భాష. వాని చేతికి మూడవదైన ఇంగ్లీషును రెండవదాని ద్వారమున నందించు పంతులునకు మనమే శిక్షణ నిచ్చితిమి?

ఇక నుపాధ్యాయునకు గావలసినదేమో చూతము. తొట్టతొలుత, తనకు ఇంగ్లీషు రావలయును. షేక్స్పియరును వ్యాఖ్యానించు నింగ్లీషు గాదు. లెండు, కూర్చుండుడు, పుస్తకము తెఱువుడు, ఇది యెవరిది, నిన్న మీ యింట నేమి వండిరి, పిల్లి యెచటికి బోయినది యను మాటలు. చిన్న కథ యొకటి చేతులూపుచు చెప్పుట. పిల్లవాడు తప్పు పలికినపుడు వాని చిన్నబుచ్చక సరియైన మాట తాను పలికి చూపుట. బడిగదికి జాలు నింగ్లీషు పరిమితమైనది. సాధారణ బుద్ధిగల పంతులెవరైనను ఒకటి రెండేండ్లలో దానిని సాధింపగలరని మా నమ్మకము. అయితే యది యుపన్యాసము వినుటవలన రాదు. ఎదుట మనిషి యుండి, తాను పలుకుచు, తప్పులు చేయుచు, నలుగురు నవ్వనిచోట నేర్చుకొనవలయును. శిక్షణకు బోయిన పంతుళ్లు దినమంతయు గుర్చీలలో గూర్చుండి తెఱమీది బొమ్మలు చూచి, సాయంకాలము సంతకము చేసి వచ్చుట మేమెఱుగుదుము. అచట వారి నోట వెలువడిన ఇంగ్లీషు మాటలెన్ని?

రెండవది, ధ్వనుల సంగతి. మన తెలుగు లిపిలో వ్రాసినట్లు చదువుదుము, చదివినట్లు వ్రాయుదుము. ఇంగ్లీషునకు లిపులు ఇరువదియాఱు, ధ్వనులు ఇంచుమించు నలువదినాలుగు. పి-యు-టి పుట్ అయినపుడు బి-యు-టి బట్ ఏల యయ్యెనని పిల్లవాడడుగును. అడుగవలసిన ప్రశ్నయే. దానికి “అంతే” యన్నది సమాధానము గాదు. ఏ యక్షరసమూహము సాధారణముగా నే ధ్వని నిచ్చునో క్రమముగా జెప్పు విద్య యున్నది. అది పంతులునకు నేర్పవలయును. మనవారి నాలుకకు సహజమైన చిక్కులు మఱికొన్ని గలవు. హల్లుతో ముగియు మాటకు ఉకారము తగిలించి బస్సు, కారు, బుక్కు అందుము. ‘యెస్’ అనవలసినచోట యకారము పోవును, ‘ఎగ్’ అనవలసినచోట యకారము వచ్చును. జూలో నుండు జంతువునకును, జూను నెలకును ఒకే జకారము వాడుదుము. ఇవి యవమానకరములు గావు. ప్రతిజాతికి తన నాలుక యుండును. కాని పంతులు వీనిని దెలిసి యుండిన జాగ్రత్త పడును. తెలియనిచో నలుబదిమంది పిల్లలకు నదియే సరియైన పలుకుబడి యగును.

మూడవది తెలుగును వాడుకొను నేర్పు. “ఇది ఉన్నది ఒక ఆవు” అన్న వింత తెలుగు పుట్టుటకు గారణము తెలుగు వాడుట గాదు, తెలుగును తప్పుగా వాడుట. మనము “వాడు నా తమ్ముడు” అందుము. అందు క్రియ లేదు. ఇంగ్లీషున నున్నది. మన క్రియ వాక్యాంతమున వచ్చును. వారిది నడుమ వచ్చును. మనము “నాకిద్దఱు తమ్ములు” అందుము. వారు నేను కలిగియున్నాననునట్లు చెప్పుదురు. ఈ భేదములు తెలిసిన పంతులు వాక్యమును వాక్యముగా నర్థము చేయించును, ముక్కలు చేయడు. ఇంగ్లీషు తరగతిలో తెలుగు మాట వినబడిన జుల్మానా వేయు కాన్వెంటు పద్ధతియు, ప్రతిమాటకు తెలుగు గుచ్చు పల్లె పద్ధతియు, రెండును ఒక్క యజ్ఞానము యొక్క రెండు కొమ్మలు.

కాన్వెంటుల మాట వచ్చినది గనుక నొక సంగతి. మా పాఠకులలో బెక్కురు, భూవసతి గలవారును, పట్టణ గృహస్థులును, తమ పిల్లలను ప్రైవేటు బడులకు పంపుచు, ఈ గొడవ తమది గాదనుకొందురు. అచట పాఠము చెప్పునది తఱచుగా స్వల్పమైన జీతమునకు కుదిరిన యొక యువతి. 2017లో చట్టమును సవరించి, శిక్షణ లేని యుపాధ్యాయులందఱు, ప్రైవేటువారు సహితము, 2019 మార్చి 31లోపల యోగ్యతాపత్రము సంపాదింపవలయునని నిర్ణయించిరి. పత్రములు వచ్చినవి. భాష వచ్చినదా యన్నది మీ పిల్లవానిచే పాఠములో లేని యొక్క ఇంగ్లీషు వాక్యమును పలికించి చూచుకొనుడు.

1920 ప్రాంతముల ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా నుండిన మైకేల్ వెస్టు అను విద్యావేత్త, 1926లో వంగదేశపు పిల్లల ఇంగ్లీషు చదువును గూర్చి వ్రాయుచు మంచి ప్రశ్న వేసెను. భీమా పత్రమును నడుమ వదలుకొన్నవానికి గొంత సొమ్మైనను దిరిగి వచ్చును. చదువు నడుమ మానిన పిల్లవానికి తానప్పటి దాక నేర్చిన ఇంగ్లీషు వలన దిరిగి వచ్చునదేమి? మన బడికి వర్తింపజేసి చూడుడు. ఐదేండ్లు “ఇది ఉన్నది ఒక ఆవు” అని వల్లించిన కూలివాని కూతురు ఆఱవ తరగతి మెట్టెక్కునప్పటికి దనకు తెలుగున లెక్క సరిగా రాలేదు, ఇంగ్లీషున నొక వాక్యము రాలేదు. ఇంగ్లీషు నడిగినవారు ఆ తలిదండ్రులే. వారు కోరినదందు తప్పు లేదు. మీ పిల్లలకు దొరకినది తమ పిల్లలకు గావలెనన్నారు. వారికి మనమిచ్చినది పేరు మాత్రమే.

ఇందు ప్రభుత్వములు చేయగలది లేకపోలేదు. మండలమునకు ఇద్దఱు ముగ్గురు మంచి ఇంగ్లీషు వచ్చిన బోధకులను నియమించి, వారు బడి బడికి బోయి, పంతులు ప్రక్కన నిలిచి పాఠము చెప్పి చూపి, పిమ్మట పంతులుచే జెప్పించి, తప్పులు నెమ్మదిగా దిద్దునట్లు చేసిన, నాలుగు దినముల సభలకంటె నూఱు రెట్లు మేలు. వారమునకొక సాయంకాలము దగ్గఱి బడుల పంతుళ్లు ఒకచోట గూడి ఇంగ్లీషుననే మాటాడుకొను నేర్పాటు చేయవచ్చును. అందు కర్చేమియు లేదు. అర్హతాపరీక్షలో ఐదు నిమిషములైన నోటితో మాటాడించి చూడవచ్చును. డైట్లలో ఖాళీగా నున్న యధ్యాపక స్థానములను నింపవచ్చును. ఇటీవలి సంవత్సరములలో హాజరుపట్టీ మొదలు భోజనము, మరుగుదొడ్డి దాక ఛాయాచిత్రములు తీసి ఫోనులో పంపు పనికి పంతుళ్లు వెచ్చించిన గడియలలో సగము దీనికి మిగిల్చినను జాలును.

2023లో ఆంధ్రప్రదేశమున మూడవ తరగతి నుండి పిల్లలకు టోఫెల్ అను నంతర్జాతీయ పరీక్ష పెట్టుటకు ఒడంబడిక చేసిరి. 2024లో ప్రభుత్వము మాఱినవెంటనే దాని నెత్తివైచిరి. పెట్టినవారిని గాని తీసినవారిని గాని మే మిచట విమర్శింపము. గురువునకు నేర్పకముందే శిష్యునకు పరీక్ష వచ్చినదని మాత్రము చెప్పుచున్నాము. 2030 నాటికి నాలుగేండ్ల సమగ్ర బి.ఎడ్. లేనిదే యుపాధ్యాయోద్యోగము దొరకని స్థితి కలుగవలయునని జాతీయ విద్యావిధానము నిర్దేశించినది. మంచిదే. కాని అది రేపు రాబోవువారి మాట. నేడు బడిలో నున్న పంతులమ్మకు ఇంకను పదునైదేండ్ల కొలువున్నది. ఆ పదునైదేండ్లలో ఆమె యెదుట గూర్చుండు పిల్లలెందఱో లెక్కవేయుడు.

విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు తలిదండ్రులతో గూడిన యాజమాన్య సంఘమొకటి యుండవలయును. మీ యూర నది యెప్పుడు సమావేశమగునో కనుగొనుడు. గోడల రంగు, బల్లల సంఖ్య అడిగిన పిమ్మట ఈ ప్రశ్నయు నడుగుడు: మా పంతులుగారికి ఇంగ్లీషు నేర్పుటకు ఈ సంవత్సరము ఎవరు వచ్చిరి, ఎన్ని మారులు వచ్చిరి, తరగతిలో నిలువబడి పాఠము చెప్పి చూపిరా? సమాధానము నాగ్రామపు పంతులమ్మగారు విందురు గాక. ఈ ప్రశ్న తన్ను తప్పుపట్టుటకు గాక తనకొఱకే యడుగుచున్నారని తెలిసిన నామె యెంత సంతసించునో మేము చూచివచ్చితిమి.